పదకొండో రోజు మంచినీళ్ళు

అనగనగా అంటే ఎప్పటిదో కథ అనుకుని ఆవలించకండి. సిరిగడప అని ఒక ఊరు. ఊరికి ఏడు వీధులు. ఏడు వీధులకీ కలిపి ఒక రాజు.

మొదటిది కోట వీధి. తర్వాత వేదం చదివేవాళ్ళ వీధి, వర్తకుల వీధి, నేతగాళ్ళ వీధి, దూది ఏకేవాళ్ళ వీధి, చేపలు పట్టేవాళ్ళ వీధి. చిట్టచివర, గాలి ఊరి మీదికి వీచని దిక్కున, తోలుపని వాళ్ళ వీధి.

ఒకరు పట్టిన చేప ఒకరు తినేవాళ్ళు. ఒకరు నేసిన బట్ట ఒకరు కట్టేవాళ్ళు. ఒకరు కుట్టిన చెప్పు ఒకరు తొడిగేవాళ్ళు. ఒకరి చేతి మంచినీళ్ళు మాత్రం ఒకరు తాగేవాళ్ళు కారు.

పై వీధుల్లో ప్రతి ఇంటి పెరటి చూరులోనూ ఒక కొబ్బరిచిప్ప దోపి ఉండేది. కింది వీధుల వాళ్ళు పనికొచ్చి దాహమంటే, చిప్ప వాళ్ళే తీసుకోవాలి. ఇంటివాళ్ళు పైనుంచి నీళ్ళు పోస్తారు. తాగి, కడిగి, మళ్ళీ చూరులో దోపాలి. ఇంటివాళ్ళెవరూ ఆ చిప్పని ముట్టరు. అందుకని ప్రతి చిప్పలోనూ ఒక సాలీడు హాయిగా కాపురం చేసుకునేది.

ఆ ఊరికి ఇంకో రెండు పట్టింపులున్నాయి. గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి. ఒకటి, ఊళ్ళో పిల్లని ఊళ్ళో పిల్లాడికి ఇవ్వరు. కూతుళ్ళు పొరుగూళ్ళకి పోవాలి, కోడళ్ళు పొరుగూళ్ళ నుంచి రావాలి. రెండోది, లోకమంతా తొలికాన్పు పుట్టింట్లో జరుగుతుంటే, సిరిగడపలో మాత్రం అత్తవారింట్లోనే జరగాలి. వంశం ఆ వంశపు గడపలోనే పుట్టాలట. కనేది మాత్రం పరాయింటి నుంచి తెచ్చుకున్న పిల్ల. ఆ సంగతి ఎవరూ పట్టించుకునేవాళ్ళు కారు.

చివరి వీధిలో ఓబులమ్మ ఉండేది. ఆమె మంత్రసాని. అంతకుముందు ఆమె తల్లి గురవమ్మ మంత్రసాని. పొరుగూరికిచ్చిన ఓబులమ్మ, మొగుడు పోయాక పుట్టింటికి తిరిగొచ్చి ఆ పని అందుకుంది. ఏడు వీధుల్లో ఎవరికి నొప్పులొచ్చినా ఓబులమ్మకే కబురు. పై వీధుల వాళ్ళు ఆమెని ఓబిలీ అనేవాళ్ళు. పాలు తాగే పిల్లాడికి మాటలొస్తే వాడూ ఓబిలీ అనేవాడు.

నొప్పులప్పుడు ఆమె వీధి గుమ్మంలోంచే లోపలికి వచ్చేది. అప్పుడు ఎవరికీ మైల గుర్తుండదు. బిడ్డ పుట్టాక పది రోజులు ఇల్లంతా పురుడు. దేవుడి గది తలుపు మూసేస్తారు, అంగడి తెరవరు, చుట్టాలు రారు. ఆ పది రోజులూ ఓబులమ్మ పురిటిగదిలో ఉండి బాలింతకి నీళ్ళు పోసి, బిడ్డకి నలుగు పెట్టి, సాంబ్రాణి పొగ వేసి, ఇద్దరినీ కంటికి రెప్పలా చూసేది.

పదకొండో రోజు పొద్దున ఆమె వెళ్ళిపోవాలి, అదీ పెరటి దారిన. ఆమె వెనకాలే ఒక మనిషి పసుపునీళ్ళు చల్లుకుంటూ ఆమె అడుగులు కడిగేది. గోడ అవతల నిలబడితే ఒక పాత చీర, నాలుగు మానికల బియ్యం గోడ మీంచి దించేవాళ్ళు. ఆ తర్వాత ఇల్లు శుద్ధి. ఆ తర్వాత బారసాల, బిడ్డకి పేరు.

నలభై ఏళ్ళలో ఓబులమ్మ చేతిలో ఎన్ని వందలమంది పుట్టారో. ఒక్క బిడ్డ పేరు కూడా ఆమె ఎదురుగా పెట్టలేదు.

ఒక ఎండాకాలం. రత్తయ్యశెట్టి కోడలు పద్మాంబకి మూడు రోజులు నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. ఓబులమ్మ అరచేతులతో, ఓపికతో, ఒక్కొక్క వేలెడు చొప్పున బిడ్డని తిప్పి బయటికి తీసింది. తల్లీ బతికింది, కొడుకూ బతికాడు. పది రోజులు గడిచాయి.

పదకొండో రోజు పెరట్లోకి వచ్చేసరికి ఆమె నాలుక పిడచకట్టుకుపోయింది. "అమ్మా, మంచినీళ్ళు" అంది.

శెట్టిగారి తల్లి చెంబు పట్టుకుని నిలబడింది. "చిప్ప తీసుకోవే" అంది.

ఓబులమ్మ చూరులోంచి చిప్ప తీసింది. లోపల సాలీడు ఆమెని చూసింది. ఆమె సాలీడుని చూసింది. ఎన్నో ఏళ్ళుగా దాన్ని ఊది, చిప్ప తుడిచి, తాగి వెళ్ళడం అలవాటే. ఆ రోజెందుకో ఊదలేదు. చిప్పని అలాగే తిరిగి దోపేసింది.

"గ్లాసుతో ఇవ్వండమ్మా" అంది.

శెట్టిగారి తల్లి తనకి సరిగ్గా వినబడలేదేమో అనుకుంది. "ఏమన్నావే?"

"మీ ఇంట్లో అందరూ తాగే గ్లాసుతో. పది రోజులు మీ మునిమనవడి నోట్లో వేలు పెట్టి గొంతు శుభ్రం చేశాను. ఆ వేలు గ్లాసు పట్టుకుంటే ఏమవుతుంది?"

గోలకి రత్తయ్యశెట్టి బయటికొచ్చాడు. ఆయన పెద్ద వ్యాపారి. ప్రతి గొడవకీ ఒక ధర ఉంటుందని ఆయన నమ్మకం. బొడ్లోంచి ఒక బంగారు కాసు తీసి గోడ మీద పెట్టాడు.

"తీసుకో ఓబిలీ. ఎండకి తల తిరిగినట్టుంది. పో."

"కాసు ఇస్తారు, గ్లాసెడు నీళ్ళు ఇవ్వరా శెట్టిగారూ?"

"కాసు చేతులు మారితే తరగదు. ఆచారం తరుగుతుంది."

"అయితే కాసు మీరే ఉంచుకోండి. నాకు దాహంగా ఉంది."

ఇద్దరు పనివాళ్ళు ఆమెని రెక్క పట్టుకుని పెరటి దారిన బయటికి నెట్టారు. వెనకనుంచి పసుపునీళ్ళు వచ్చి ఆమె వీపు మీద పడ్డాయి. పురిటిగది కిటికీలోంచి పద్మాంబ అంతా చూసింది. అప్పటికి ఆమెకి మాట రాలేదు.

ఓబులమ్మ ఇంటికొచ్చి కుండలో నీళ్ళు ముంచుకుని రెండు లోటాలు తాగింది. పక్కింటి తిమ్మక్క చెప్పుల తోలు నానబెడుతూ అంతా విని బుగ్గలు నొక్కుకుంది.

"నీకిదేం పోయేకాలం అత్తా? నలభై ఏళ్ళు తాగావుగా ఆ చిప్పలోనే?"

"నలభై ఏళ్ళు తాగాను కాబట్టే అడిగాను. ఇంకో నలభై నాకు లేవు."

"ఊరితో పెట్టుకుంటావా?"

"నేను ఊరితో పెట్టుకోవడమేమిటే! ఊరంతా నా చేతుల్లోంచే వచ్చింది. అదే నాతో పెట్టుకుంది." లోటా బోర్లించి మళ్ళీ అంది. "అయినా నాదీ తప్పుంది. దొడ్డిదారిలో నిలబడి గ్లాసు అడిగాను. దొడ్డిదారిలో అడిగితే చిప్పే వస్తుంది."

నెల తిరక్కుండా వేదం వీధి నుంచి కబురొచ్చింది. సోమయాజులుగారి కోడలు కామాక్షికి నొప్పులు. సోమయాజులుగారు రాజుకి పురోహితుడు. ఊళ్ళో ఏది మైలో ఏది మడో ఆయన చెబితేనే ఖాయం. ఓబులమ్మ వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. పది రోజులు నీళ్ళు పోసింది.

పదకొండో రోజు పొద్దున ఆమె చీర కుచ్చెళ్ళు సర్దుకుని, పెరటి వైపు కాకుండా నడవలోంచి ముందుకొచ్చి, వీధి గడప మీద కూర్చుంది.

పసుపునీళ్ళ చెంబు పట్టుకున్న మనిషికి ఏం చేయాలో తోచలేదు. ఆమె వెళ్తేగాని అడుగులు కడగకూడదు.

"ఏమే, ఇక్కడ కూర్చున్నావేం?" అన్నారు సోమయాజులుగారు.

"ఈ గుమ్మంలోంచి వచ్చాను బాబూ. ఈ గుమ్మంలోంచే వెళ్తాను. వెళ్ళేముందు మీ ఇంటి గ్లాసుతో మంచినీళ్ళు తాగి వెళ్తాను."

"పురుడున్నన్నాళ్ళూ నువ్వు లోపల ఉండొచ్చు. పదకొండో రోజు ఉండకూడదు. శాస్త్రం."

"పదో రోజు సాయంత్రానికీ పదకొండో రోజు పొద్దుటికీ మధ్య నా చేతులకి ఏమైంది బాబూ? నేను చూసుకున్నాను. అవే పది వేళ్ళున్నాయి."

సోమయాజులుగారు ఒక శ్లోకం చదివారు. ఓబులమ్మ శ్రద్ధగా వింది. ఆయన ఇంకోటి చదివారు. అదీ వింది. మూడోది మొదలుపెట్టేసరికి, "బాగా చదివారు, గొంతు ఎండిపోయుంటుంది, మీరూ కాసిని నీళ్ళు తాగండి" అంది.

అప్పటికి చుట్టాలు రావడం మొదలైంది. పట్టుబట్టలు, బంగారు మురుగులు, వెండి ఉయ్యాల. గుమ్మంలో ఓబులమ్మ. ఆమెని ముట్టుకుని లేపేవాడు లేడు, ముట్టుకుంటే వాడు స్నానం చేయాలి. ఆమెని దాటి వెళ్ళేవాడూ లేడు, దాటినా స్నానం చేయాలి. వాళ్ళ కట్టుబాట్లే వాళ్ళ గుమ్మానికి గొళ్ళెం పెట్టాయి.

చివరికి సోమయాజులుగారు ఒక ఉపాయం చేశారు. బారసాల పశువుల కొట్టంలోకి మార్చారు. అది ఆవుల చోటు కాబట్టి పవిత్రమేనని అప్పటికప్పుడు ఒక శాస్త్రం దొరికింది. చుట్టాలంతా పట్టుబట్టలు ఎత్తిపట్టుకుని, పెరటి దారిన, పేడ తొక్కుకుంటూ లోపలికి పోయారు. ఊళ్ళో గొప్పవాళ్ళంతా దొడ్డిదారిన నడిచిన మొట్టమొదటి రోజు అదే. ఓబులమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

నవ్విందేగాని నీళ్ళు దొరకలేదు. పొద్దుగూకేవేళ లేచి వెళ్ళిపోయింది. ఆమె లేస్తున్నప్పుడు నడవలో ఎవరో గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నట్టనిపించింది. కామాక్షి. అత్తగారు వెనకనుంచి ఆమె చెయ్యి లాగేసింది.

మర్నాడు ఊళ్ళో కట్టుబాటు వేశారు. ఓబులమ్మతో ఎవరూ మాట్లాడకూడదు. ఆమెకి ఎవరూ నిప్పు ఇవ్వకూడదు. ఊరిబావి దగ్గర చేద ఆమెకి అందనివ్వకూడదు. ఇంకోసారి ఏ గడప మీదైనా కూర్చుంటే ఊరు విడిచి పోవాలి.

తిమ్మక్క మాత్రం రోజూ ఒక బిందె నీళ్ళు తెచ్చి ఓబులమ్మ గుమ్మం ముందు "మర్చిపోయి" వెళ్ళేది. "ఛ, మళ్ళీ మర్చిపోయాను" అని వీధికంతా వినబడేలా అరిచేది కూడా.

శ్రావణమాసంలో కోట నుంచి పల్లకీ వచ్చింది. రాణి హేమలేఖకి నెల తప్పి తొమ్మిది నెలలూ నిండాయి. నొప్పులు మొదలై బిడ్డ దిగడం లేదు.

తిమ్మక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "వెళ్ళకు అత్తా. ముందు మంచినీళ్ళు పంపమను. ఇప్పుడైతే గంగాళాలతో పంపిస్తారు."

ఓబులమ్మ అప్పటికే చేతులు కడుక్కుంటోంది. "నొప్పులు పడే పిల్లతో బేరమాడతానా? నా గొడవ బయట గుమ్మంతో. పురిటిగదితో కాదు. జరుగు."

బిడ్డ మెడకి పేగు చుట్టుకుని ఉంది. ఓబులమ్మ దాన్ని వేలితో వదులు చేసి, తలమీంచి తప్పించి, నీలంగా ఉన్న బిడ్డని బయటికి తీసింది. వీపు మీద చరిచింది. ఏడవలేదు. నోట్లో నోరు పెట్టి ఊదింది. మళ్ళీ చరిచింది. మూడోసారికి బిడ్డ కోటంతా వినబడేలా ఏడ్చింది.

ఆడపిల్ల. బయట నగారా మోగించేవాడు కర్ర ఎత్తి, సంగతి తెలిసి, దించేశాడు.

రాణి చెమటలో తడిసి పడుకుని ఓబులమ్మ ముఖం చూసింది. "నగారా మోగలేదేం?" అంది.

"మీ అమ్మాయి గొంతు ముందు అది ఎందుకులే తల్లీ" అంది ఓబులమ్మ.

పది రోజులు గడిచాయి. ఆ పది రోజుల్లో నీళ్ళు పోసుకుంటూ రాణి చాలా అడిగింది, ఓబులమ్మ చాలా చెప్పింది. ఏ వీధిలో బిడ్డని ఎలా ఊపుతారో చెప్పింది. నేతగాళ్ళ జోలపాట మగ్గం చప్పుడులా టకటకమంటుందని, చేపలవాళ్ళది తెడ్డు వేసినట్టు ఆగి ఆగి సాగుతుందని, తన వీధిలో డప్పు అంచు మీద వేళ్ళతో కొడుతూ పాడతారని చెప్పింది. పాడి కూడా చూపించింది. "కూతవేటు దూరంలో ఇన్ని పాటలున్నాయా?" అంది రాణి. "అయిదేళ్ళయింది నేనొచ్చి. ఒక్కటీ వినలేదు."

పదకొండో రోజు పొద్దున ఓబులమ్మ బిడ్డ నుదుటి మీద వేలు ఆనించి, లేచి, నేరుగా కోట సింహద్వారం దగ్గరికి నడిచింది. గడప మీద కూర్చుంది. కాళ్ళు చాపుకుంది.

ఈసారి పశువుల కొట్టం ఉపాయం పారదు. చుట్టుపక్కల అయిదుగురు సామంతులు ఏనుగుల మీద వచ్చి బయట నిలబడి ఉన్నారు. ఏనుగు దొడ్డిదారిన పట్టదు. పైగా ఇల్లు శుద్ధి అయ్యేదాకా రాజు సింహాసనం ముట్టకూడదు. రాజు విజయకేతుడు మేడ దిగి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఎవరూ అడ్డు చెప్పకపోవడం అలవాటైన మామూలు రాజు.

"ఓబిలీ, నా కూతుర్ని బతికించావు. ఏం కావాలో కోరుకో. భూమి? ఇల్లు?"

"మంచినీళ్ళు, దొరా."

రాజు సోమయాజులుగారి వైపు చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. రాజు తెలివైన దారి దొరికినట్టు నవ్వాడు.

"సరే. శాసనం వేయిస్తాను. ఓబిలి ఒక్కతే మిగతావాళ్ళలాంటిది కాదు, మంచిది, శుభ్రమైనది, కాబట్టి ఆమెకి మాత్రం మైల లేదు అని రాగిరేకు మీద చెక్కిస్తాను. నీకొక్కదానికీ గ్లాసు. సరేనా?"

జనం గుసగుసలాడారు. ఇంతకంటే ఏం కావాలి అన్నారు.

ఓబులమ్మ తల ఊపింది, అడ్డంగా. "నేను ఒక్కదాన్నీ మంచిదాన్నయితే మా తిమ్మక్క ఏమవుతుంది దొరా? ఆమె కుట్టిన చెప్పులు మీ కాళ్ళకున్నాయి. మా వీధిలో నేనేం వింత పక్షిని కాను. ఆ రాగిరేకు కరిగించి గ్లాసులు చేయించండి. అందరికీ పనికొస్తాయి."

రాజుకి కోపం వచ్చింది. రాజులకి తామిచ్చేది వద్దంటే కోపం వస్తుంది. "అయితే విచారణ! ఇది గడప దిగకపోతే ఊరు విడిచిపోవలసిందే. పెద్దలు తీర్పు చెబుతారు."

అక్కడికక్కడే పీటలు వేశారు. రాజు, సోమయాజులుగారు, రత్తయ్యశెట్టి, ఇంకా నలుగురు పెద్దలు కూర్చున్నారు. ఓబులమ్మ గడప మీదే ఉంది. ఊరు దాటితే ఈ వయసులో తనని ఏ ఊరు రానిస్తుందో ఆమెకి తెలీదు. చీర లాగి కప్పుకుంది.

"ఒక్కమాట అడగనివ్వండి" అంది. "నేను ఈ గుమ్మంలోంచి వెళ్ళాక మీరు ఎలాగూ కడుగుతారు. కడిగితే పోయే అంటైతే, నేను ముందు గుమ్మంలో వెళ్తే ఏం, వెనక గుమ్మంలో వెళ్తే ఏం? రెండు చెంబులు ఎక్కువ పోసుకోండి."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. సోమయాజులుగారి ముఖం ఎర్రబడింది.

"మూర్ఖురాలా! కడిగితే పోయేది పెద్దయ్యాక తగిలిన అంటు. దానికి స్నానం చాలు. నీది పుట్టుకతో వచ్చింది. పుట్టుకలో అంటుకున్నది నిప్పులో వేసినా పోదు. అలాంటివాళ్ళు తీర్పు చెప్పకూడదు, సభలో కూర్చోకూడదు, నోరెత్తకూడదు. రాజా, ఇదే శాసనం అనండి."

"ఇదే శాసనం" అన్నాడు రాజు. రాయసగాడు రాసుకున్నాడు.

ఓబులమ్మ చాపిన కాళ్ళు ముడుచుకుంది.

"రాశారా బాబూ? మంచిది." ఆమె మెల్లగా లేచి నిలబడింది. "పుట్టుకలో అంటుకున్నది పోదు. సోమయాజులుగారూ, మీరు పుట్టినప్పుడు మిమ్మల్ని మొదట ముట్టుకున్న చెయ్యి ఎవరిది? మీ నాన్నదా? ఆయన అరుగు మీద పంచాంగం చూసుకుంటున్నాడు. మా అమ్మ గురవమ్మది. మీ బొడ్డు కోసింది ఆమే. రత్తయ్యశెట్టిగారూ, మీదీ మా అమ్మే. దొరా, మీది నేను. కాళ్ళు ముందు పెట్టి బయటికొచ్చారు. అప్పుడే అనుకున్నాను, మాట వినే రకం కాదని."

జనం ఘొల్లున నవ్వారు.

"పుట్టుకలో అంటుకున్నవాళ్ళు సభలో కూర్చోకూడదని ఇప్పుడే రాయించారు. దిగండి మరి."

పీటల మీద ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాయసగాడు రాసింది తుడవడానికి వీల్లేదు, రాజు నోటి మాట అది. ముందు రాజు లేచాడు. ఆయన లేచాక శెట్టి లేచాడు. ఆ తర్వాత నలుగురూ లేచారు. అందరికంటే ఆఖరున, పీటకి అతుక్కుపోయినట్టు, సోమయాజులుగారు లేచారు.

రాజు దండోరా వేయించాడు. ఈ ఊళ్ళో కాపురమున్నవాళ్ళలో ఓబిలిగానీ ఆమె తల్లిగానీ బొడ్డు కోయని మనిషి ఎవరైనా ఉంటే వచ్చి తీర్పు చెప్పాలి, ఆ తీర్పుకి తిరుగు లేదు అని. డప్పు ఒకసారి మోగింది. ఎవరూ రాలేదు. రెండోసారి మోగింది. ఊళ్ళో మగవాళ్ళంతా ఊళ్ళోనే పుట్టినవాళ్ళు. "ఇంకా పుట్టనివాడెవడైనా ఉన్నాడేమో చూడండి" అని నేతగాళ్ళ వైపు నుంచి ఒకడు అరిచాడు.

మూడోసారి డప్పు మోగింది. కోట లోపలినుంచి మెట్టెల చప్పుడు వినబడింది.

రాణి హేమలేఖ బిడ్డని ఎత్తుకుని వచ్చింది. "నేను ఈ ఊళ్ళో పుట్టలేదు" అంది.

జనం మధ్యనుంచి పద్మాంబ కదిలింది. అత్తగారు కొంగు పట్టుకుంది. పద్మాంబ కొంగు విడిపించుకుంది. "నేనూ పుట్టలేదు" అంది.

"నేను కూడా" అంది కామాక్షి.

సోమయాజులుగారు ఎగిరిపడ్డారు. "మీ ముగ్గుర్నీ ఇది పురిట్లో ముట్టుకుంది!"

"పెద్దయ్యాక తగిలిన అంటుకి స్నానం చాలన్నారుగా మామగారూ. తలంటు పోసుకునే వచ్చాను" అంది కామాక్షి.

రాణి రాజు లేచిన పీట మీద కూర్చుంది. "నా బొడ్డు కోసింది మా పుట్టింటి ఊరి మంత్రసాని. ఆమె పేరు నాకు తెలీదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. అది నా సిగ్గు. కానీ మీ దండోరా ప్రకారం నేను తగిన మనిషినే."

"ఆడవాళ్ళ తీర్పా?" అన్నాడు శెట్టి.

"వద్దా?" అంది రాణి. "అయితే తీర్పు మీరే చెప్పుకోండి. వచ్చే కాన్పు నుంచి పిల్లల్ని కూడా మీరే కనండి."

శెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

ముగ్గురూ తలలు దగ్గరికి పెట్టి మాట్లాడుకున్నారు. ముందు పద్మాంబ లేచింది. ఎండాకాలంలో రాని మాట ఇప్పుడు వచ్చింది. "ప్రతి ఇంటి చూరులోని కొబ్బరిచిప్పా ఈ పూటే తీయాలి. పొయ్యిలో వేసి, ఆ మంట మీద బిడ్డలకి నీళ్ళు కాచాలి. సాలీళ్ళని ముందు దులపండి, వాటికేం పాపం తెలీదు."

తర్వాత కామాక్షి. "ఎవరు ఏ గుమ్మంలోంచి వస్తే ఆ గుమ్మంలోంచే వెళ్తారు. అడుగుల వెనక నీళ్ళు చల్లడం ఉండదు. చల్లాలని అంత సరదాగా ఉంటే మొక్కలకి పోయండి."

ఆఖరున రాణి. "ఏ ఇంట్లో బారసాల జరిగినా, ఏడు వీధుల నుంచీ ఏడుగురు ఆడవాళ్ళు వీధి గుమ్మంలోంచి రావాలి. ఇంటివాళ్ళ గ్లాసుతోనే మంచినీళ్ళు తాగాలి. తమ వీధి జోలపాట తాము పాడాలి. ఏడు పాటలూ విన్నాకే బిడ్డకి పేరు. అప్పటిదాకా ఆ ఇంటికి పురుడు తీరనట్టే. ఈ కోటతోనే మొదలు."

ఆమె లేచి లోపలికి వెళ్ళి తను తాగే వెండి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. పైనుంచి పోయలేదు. చేతికి ఇచ్చింది. "తీసుకోండి ఓబులమ్మగారూ" అంది.

ఓబులమ్మ వెంటనే తాగలేదు. జనంలోకి చూసి, "తిమ్మక్కా! ఇంకా అక్కడే నిలబడ్డావేం? నీకూ దాహంగా లేదూ?" అని అరిచింది. తిమ్మక్క చేతులు చీరకి తుడుచుకుంటూ, సింహద్వారంలోంచి, తలెత్తుకుని వచ్చింది. ఓబులమ్మ సగం తాగి, గ్లాసు ఆమెకిచ్చింది. తిమ్మక్క తాగి, గ్లాసు తిప్పి చూసి, "నీళ్ళు మన బావివే అత్తా" అంది.

ఆ పూట కోటలో ఏడు పాటలు పాడారు. వేదం వీధి ఆవిడ రాగం తీస్తుంటే బిడ్డ ఏడ్చింది. దూదేకుల హుసేనమ్మ దూది ఏకే విల్లు తీగ మీటుతూ పాడితే ఏడుపు మానింది. చేపలవాళ్ళ పాటకి నిద్రపోయింది. నిద్రపుచ్చింది ఎవరి పాట అని ఏడుగురూ వాదులాడుకున్నారు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు కలిసి కూర్చోవడానికి అదొక మంచి సాకు అయింది.

ఆ తర్వాత బిడ్డకి పేరు పెట్టారు. ఆ పేరేమిటో ఈ కథకి అక్కర్లేదు. ఓబులమ్మ పక్కనే కూర్చుని, తన చెవులతో విన్నది. ఇంటికెళ్ళే దారిపొడుగునా ఆ పేరు పైకి అనుకుంటూ నడిచింది.

ఊరు ఆ ఒక్క పూటలో మారిపోయిందని చెబితే అబద్ధం. శెట్టిగారి తల్లి గ్లాసు అందించేటప్పుడు ఏడాదిపాటు ముఖం పక్కకి తిప్పుకునే అందించింది. సోమయాజులుగారు బారసాల పూట ప్రతిసారీ తలనొప్పి తెచ్చుకున్నారు. అయినా పాటలు ఆగలేదు, గ్లాసులు ఆగలేదు. ఆ చిప్పల మంట మీద కాచిన నీళ్ళు పోసుకుని పెరిగిన పిల్లలకి, పెద్దయ్యాక, చూరులో చిప్ప ఎందుకు దోపేవారో ఎంత చెప్పినా అర్థం కాలేదు.

మనల్ని లోకంలోకి తెచ్చిన చేతికి మన గ్లాసు అందించనంతకాలం మన ఇంటి మైల తీరదు. ఆ గ్లాసు దయగా ఒక్కరికి ఇచ్చేది కాదు, అందరికీ రావలసింది, రాకపోతే గడప మీద కూర్చుని అడిగి తీసుకోవలసింది.